నాలుగు ఆఠీన్ల మీద డబుల్

చేవెళ్ల క్లబ్బులో బ్రిడ్జి ఆడే ఏడుగురు మగవాళ్లలో ఒక్కరికీ వేలం పాడటం రాదని నిర్మలమ్మ మొదటి శనివారమే తేల్చుకుంది. ఆ అభిప్రాయం మార్చుకోవలసిన అవసరం ఆ తర్వాత చాలా కాలం ఆమెకు కలగలేదు.

ఆమె మిషన్ వారి ఆడపిల్లల బడికి పెద్ద పంతులమ్మ. సొంత ఊరు ముడిమ్యాల. నలభై రెండేళ్ల మనిషి, పెళ్లి చేసుకోలేదు. పేకముక్కలు పట్టడం నేర్పింది మిషన్ దవాఖానలో ఉండిన దొరసాని డాక్టరమ్మ. వానాకాలం సాయంత్రాలు ఆమెకూ, ఇద్దరు నర్సు దొరసానులకూ నాలుగో మనిషి అవసరం పడి, లెక్కల్లో గట్టిదని నిర్మలమ్మను పిలిపించి కూర్చోబెట్టారు. పేకముక్కలు సైతాను బొమ్మలని పాస్టరుగారు ఒక ఆదివారం ప్రసంగం చేస్తే, పైసా పెట్టని ఆటలో సైతానుకు ఏం గిట్టుబాటవుతుందని డాక్టరమ్మ చర్చి మెట్ల మీదే అడిగింది. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఎనిమిదేళ్లు అట్లా ఆడాక, 1936లో డాక్టరమ్మ శంకర్‌పల్లిలో రైలెక్కి తన దేశం వెళ్లిపోయింది. నిర్మలమ్మ చేతులు రెండేళ్లు ఖాళీగా ఉన్నాయి.

క్లబ్బు వాళ్లు ఆమెను పిలిచింది గౌరవంతో కాదు. పశువుల డాక్టరుకు బదిలీ అయింది. రెండు బల్లలు నిండాలంటే ఎనిమిది మంది కావాలి. ఏడుగురే మిగిలారు. "మిషన్ పంతులమ్మకు వస్తదట, పిలుద్దాం" అని తహసీలు కచ్చేరి పేష్కారు అంటే, ఇంకెవరూ దొరక్క మిగతావాళ్లు సరేనన్నారు. కచ్చేరి వెనక పెంకుటింట్లో శనివారం మధ్యాహ్నాలు ఆట. ఆమెకు చాయ్ వేరే కప్పులో వచ్చేది. ఎందుకో తెచ్చేవాడికీ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆ కప్పును ఆమె ఒక్కనాడూ ముట్టుకోలేదు.

అంతకంటే ఎక్కువగా ఆమెకు రోత పుట్టించింది వాళ్ల ఆట.

బ్రిడ్జిలో నలుగురు రెండు జోడీలుగా ఎదురెదురుగా కూర్చుంటారు. ఒక్కొక్కరికి పదమూడు ముక్కలు; నలుగురూ తలా ఒకటి వేస్తే ఒక పట్టు, పెద్ద ముక్క వేసినవాళ్లది. ఆట మొదలయ్యే ముందు వేలం. ఏ రంగు తురుపుగా పెట్టుకుని, ఆరు పట్లకు పైన ఇంకెన్ని పట్లు గెలుస్తామో వంతులవారీగా పాడాలి. ఎక్కువ పాడినవాళ్లది వేలం; అంకె సమానమైతే ఇస్పేట్లు ఆఠీన్లకు పైన. అన్నంత గెలిస్తే లాభం, తగ్గితే జుర్మానా. ఎదుటివాళ్లు తప్పకుండా ఓడతారనుకుంటే "డబుల్" అనొచ్చు. అప్పుడు జుర్మానా పెరుగుతుంది. ఒకవేళ వాళ్లు గెలిస్తే లాభమూ పెరుగుతుంది. జోడీతో మాట్లాడకూడదు. మన చేతిలో ఏముందో అవతల కూర్చున్న మనిషికి చెప్పే దారి ఆ పాట ఒక్కటే. డాక్టరమ్మ మొదటి రోజే అన్నది: "నీ దగ్గర ఉన్నది ఒకసారి చెప్పు. ఆ తర్వాత నోరు మూసుకుని నీ జోడీని నమ్ము."

క్లబ్బులో ఉన్నది చెప్పేవాళ్లు ఎవరూ లేరు. పేష్కారు తన ముక్కలు చూసి కాక, అదే బల్ల దగ్గరున్న తన పై అధికారి తహసీల్దారు ముఖం చూసి పాడేవాడు. పోలీసు అమీన్‌కు కోపం వస్తే డబుల్, ఇంకా కోపం వస్తే బల్ల మీద గుద్దు. వకీలు తన పాట ఎందుకు సరైందో ఆట అయ్యాక అరగంట వాదించి, ఓడిపోయిన పట్లను మాటలతో గెలుచుకునేవాడు. నిర్మలమ్మ వాళ్లను మూడో తరగతి పిల్లల్లాగే చూసేది. పిల్లలు నయం, తప్పు చూపిస్తే తల వంచుకుంటారు.

అందరిలోకీ ఆమెకు ఎక్కువ అసహ్యం వీరేశం సేటంటే. చుట్టుపక్కల పాతిక ఊళ్ల కల్లు దుకాణాల గుత్త అతనిదే. సర్కారు హర్రాజులో మొదటి పాటే ఆకాశానికి ఎత్తి, ఎదుటివాళ్ల గుండె జారిపోయేట్టు చేసి గెలుస్తాడని పేరు. పేక బల్ల దగ్గరా అదే పద్ధతి. చేతిలో ఒక రాజు, ఒక జాకీ ఉన్నా చాలు, గొంతెత్తి "ఐదు డైమన్లు!" అనేవాడు. పాస్ అనడం అతనికి నామోషీ.

అక్టోబరులో ఒక శనివారం చీటీలు వేస్తే అతను ఆమెకు జోడీగా పడ్డాడు. ఆరు పాటల్లో ఐదు మునిగారు. ఆరోదానికి నిర్మలమ్మ ముక్కలు బల్ల మీద బోర్లించింది.

"సేటూ, హర్రాజుల మీరు బెదిరిస్తే ఎదుటోడు లేచి పోతడు. ఇక్కడ ఎదుటోడు లేచి పోడు, డబుల్ అంటడు. మీ చేతిల ఏమున్నదో గదే చెప్పున్రి. ఏం లేకుంటే పాస్ అనున్రి. పాస్ అంటే నాలుక పడిపోదు."

అమీన్ పకపకా నవ్వాడు. పేష్కారు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. వీరేశం చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంతమంది ముందల నన్ను గిట్ల అంటవా పంతులమ్మా?"

"ఇంతమంది ముందలనే గద మీరు పాడింది."

ఆ తర్వాత అతను మూడు శనివారాలు రాలేదు. వెళ్లినవాడు మళ్లీ రాకపోతే బాగుండునని ఆమె అనుకుంది. కానీ వచ్చాడు. వచ్చి మాట్లాడకుండా కూర్చున్నాడు. సిగ్గుపడ్డాడు కాబోలు, ఎన్నాళ్లుంటుందో చూద్దామని ఆమె అనుకుని, ఆ తర్వాత అతని వైపు చూడటమే మానేసింది. చీటీల్లో మళ్లీ జోడీగా పడనూ లేదు.

డిసెంబరులో మొయినాబాదు నుంచి కబురొచ్చింది. అక్కడ పింఛను మీద స్థిరపడిన చెరువుల ఇంజనీరు ఒకాయన, బట్టల వ్యాపారి ముకుందం కలిసి ఆడతారు. చేవెళ్ల నుంచి ఒక జోడీ వస్తే ఇరవై నాలుగు పంపకాలు ఆడదాం, మొత్తం మీద ఎవరి పాయింట్లు ఎక్కువైతే వారిది గెలుపు అన్నారు. వీరేశం వెంటనే వెండి కప్పు ఒకటి చేయించి ఇస్తానన్నాడు. కప్పు ఇచ్చేవాణ్ణి ఆడొద్దనడం ఎట్లా? అతనితో జోడీ కట్టడానికి మగవాళ్లెవరూ ముందుకు రాలేదు. ఓడితే నింద వేయడానికి వీలుగా ఉంటుందని పంతులమ్మ పేరు రాశారు. ఆ సంగతి నిర్మలమ్మకు అర్థం కాకపోలేదు. అతన్ని మోసుకుంటూ కూడా గెలిచి చూపిస్తే వాళ్ల ముఖాలు ఎట్లా ఉంటాయో చూడాలనిపించి ఒప్పుకుంది.

1939 జనవరి, ఒక శనివారం పొద్దున వీరేశం మోటారులో ఇద్దరూ బయల్దేరారు. వినోదం చూడటానికి పేష్కారు కూడా ఎక్కాడు. మొయినాబాదు బంగళా వరండాలో బల్ల వేసి ఉంది. ఇంజనీరు తెల్ల మీసాల ముసలాయన, తక్కువ మాట్లాడతాడు. ముకుందం నలభై ఏళ్లవాడు, మంచి ముక్కలు పడితే కాలు ఊపుతాడు. రెండో పంపకానికే నిర్మలమ్మ ఆ కాలును కనిపెట్టి, ఈయనా అంతేనా అనుకుంది.

ఆ రోజు వీరేశం అరవలేదు. మొదటి ఎనిమిది పంపకాల్లో ఆరుసార్లు పాస్ అన్నాడు. పాడినప్పుడు తక్కువ పాడాడు. ఒకసారి నిర్మలమ్మ రెండు ఇస్పేట్లు పాడితే, నాలుగుకు పెంచి ఊరుకున్నాడు. ఆమె సరిగ్గా పది పట్లు గెలిచింది. తన ఆట బాగుందని ఆమె సంతోషించింది. మధ్యాహ్నం ఒకసారి ముకుందం పాట మీద వీరేశం డబుల్ అన్నాడు. ముకుందం ఒక పట్టు తగ్గాడు. కాలు ఊపుకుంటూ తప్పు ముక్క వేశాడు కాబట్టి తగ్గాడని ఆమె నిర్ధారించుకుంది. సేటు నోరు అదుపులో ఉండటానికి కారణం ఇంజనీరు ముందు భయమని కూడా నిర్ధారించుకుంది. బెదిరించేవాడి గుణమే అంత, తనకంటే నిదానమైన మనిషి ఎదురుపడితే ముడుచుకుంటాడు.

ఇరవై మూడు పంపకాలయ్యేసరికి చేవెళ్ల మూడు వందల పాయింట్లు ముందుంది. పేష్కారు ముఖంలో నవ్వు తగ్గింది. అది చూసి నిర్మలమ్మకు కడుపు నిండింది.

ఆఖరి పంపకం. ఆమెకు ఇస్పేట్లు ఆరు వచ్చాయి, ఆసూ రాణీ ఉన్నాయి. డైమన్లలో రాజు, కళావర్లలో రాజు. ఆఠీన్లు ఒక్కటీ లేవు.

ముకుందం పాడాడు. "ఒక ఆఠీను."

"ఒక ఇస్పేటు" అంది నిర్మలమ్మ.

ఇంజనీరు మీసం తడుముకుని, "నాలుగు ఆఠీన్లు" అన్నాడు.

అంటే పది పట్లు. గెలిచారంటే కప్పు వాళ్లదే. వీరేశం ముక్కల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత చిన్న గొంతుతో అన్నాడు.

"డబుల్."

ముకుందం పాస్ అన్నాడు. వంతు నిర్మలమ్మకు వచ్చింది. ఆమె, ఆమె తర్వాత ఇంజనీరు కూడా పాస్ అంటే వేలం ముగుస్తుంది. డబుల్ అయిన నాలుగు ఆఠీన్లు వాళ్లు ఆడాలి.

ఆమె వీరేశం ముఖంలోకి చూసింది. నుదుటి మీద చెమట. అదిగో, అనుకుంది. పొద్దటి నుంచి బిగబట్టుకున్నది ఆఖరికి బయటపడింది. కప్పు చేజారుతుందనేసరికి మళ్లీ హర్రాజు. ముసలాయనను బెదిరిద్దామని చూస్తున్నాడు. డబుల్ మీద వాళ్లు పది పట్లు గెలిస్తే మూడు వందలు ఏ మూలకు? తాను నాలుగు ఇస్పేట్లు పాడితే? గెలవొచ్చు. ఒక పట్టు తగ్గినా, వాళ్లు డబుల్ అన్నా పోయేది రెండు వందలే, ఇంకా నూరు ముందుంటారు. లెక్క అద్దంలా కనిపించింది. ఈ మనిషి మూర్ఖత్వం నుంచి కప్పును కాపాడటానికి దేవుడు తనకు ఆరు ఇస్పేట్లు ఇచ్చాడనిపించింది.

"నాలుగు ఇస్పేట్లు" అంది.

"డబుల్" అన్నాడు ఇంజనీరు, ఆమె మాట పూర్తి కాకముందే.

ముగ్గురూ పాస్ అన్నారు. ఇంజనీరు ఒక చిన్న ఆఠీను వేశాడు. వేలం గెలిచిన మనిషి ఒక్కతే ఆడుతుంది, ఆమె జోడీ తన ముక్కలన్నీ బల్ల మీద పరచాలి. వీరేశం పరిచాడు. ముందు ఇస్పేటు, ఒకే ఒక్క ఐదు. తర్వాత డైమన్ల ఆసూ, మూడు చిన్నవీ. నాలుగు చిన్న కళావర్లు. చివర ఆఠీన్లు ఒక్కొక్కటీ పెట్టాడు. రాణి, జాకీ, పది, తొమ్మిది.

నిర్మలమ్మ ఆ నాలుగు ముక్కలను లెక్కపెట్టింది.

తన దగ్గర ఆఠీన్లు లేవు. ఆ రంగును అంత పైకి పాడిన ఇద్దరి దగ్గర కలిపి తొమ్మిది ఉంటాయి. పదమూడులో తొమ్మిది పోతే నాలుగు. ఆ నాలుగు ఎక్కడుంటాయి? బడిలో రెండో తరగతి పిల్ల వేళ్ల మీద చెప్పే లెక్క. ఆ పిల్లకు తప్పితే బెత్తం చూపించేది. బెదిరింపు కోసం డబుల్ అనే మనిషి చేతిలో ఇన్ని తురుపులు ఉండవు. ఇన్ని ఉన్నవాడు బెదిరించనక్కర్లేదు. సేటు తన దగ్గర ఉన్నదే చెప్పాడు. ఆమె వినలేదు.

"ఆడమ్మా" అన్నాడు ముకుందం. కాలు ఊపడం లేదు. తదేకంగా చూస్తున్నాడు.

ఆడింది. ఇంజనీరు చేతిలో ఇస్పేట్ల రాజు, జాకీ, తొమ్మిది, ఎనిమిది కాచుకుని ఉన్నాయి. ఏ దారిన వెళ్లినా మూడు తురుపు పట్లు పోయాయి, రెండు కళావర్లు పోయాయి, ఒక డైమను పోయింది. మూడు పట్లు తక్కువ. డబుల్ మీద మొదటిదానికి రెండు వందలు, ఆపై ఒక్కోదానికి మూడేసి వందలు, మొత్తం ఎనిమిది వందల జుర్మానా.

ఇంజనీరు నలుగురి ముక్కలూ వెనక్కి తీసుకుని బల్ల మీద పరిచి చూపించాడు. "డబుల్‌ను వదిలేసుంటే మేం మునిగెటోళ్లం అమ్మా. నేను ఊరికె మిమ్మల్ని జర రెచ్చగొట్టనీకి నాలుగు అన్న. మూడు పట్లు తగ్గెటోళ్లం." గొంతులో వెక్కిరింపు లేదు. వెక్కిరించి ఉంటే ఆమెకు కొంత తేలికయ్యేది.

కప్పు ఇచ్చినవాడే చేతికందించాలి గనక వీరేశం లేచి, ముకుందానికి దండం పెట్టి ఇచ్చాడు. పేష్కారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

తిరుగుదారి పట్టారు. రోడ్డుకు రెండు పక్కలా జొన్న కోతలు సాగుతున్నాయి. పేష్కారు కచ్చేరి దగ్గర దిగిపోయాడు. మిషన్ గేటు ముందు బండి ఆపి వీరేశం తల తిప్పకుండా అడిగాడు.

"పంతులమ్మా, ఇంజనీరు సాబ్ నీకు జోడీ ఉండి డబుల్ అంటే వదిలేసెటిదానివి గద?"

ఆమె అబద్ధం చెప్పాలనుకుంది. నోట రాలేదు.

"వదిలేసెదాన్ని."

"గదే అడగాలనుకున్న" అన్నాడు, బండి పోనిచ్చాడు.

మంగళవారం నాటికి బజారంతా పాకింది. నాలుగు లెక్క రాని పంతులమ్మ అంటున్నారని బడి ఆయా వచ్చి చెప్పింది. సేటు పని అని నిర్మలమ్మకు వెంటనే అర్థమైంది. బండిలో అంత పెద్దమనిషిలా ప్రశ్న అడిగి, దిగగానే కల్లు దుకాణాల్లో చాటింపు వేశాడన్నమాట. తప్పు తనదైతే తన ముఖం మీద అనాలి గాని, ఇదేం బుద్ధి? అడిగేద్దామని బడి వదిలిపెట్టగానే నేరుగా అతని ఇంటికి వెళ్లింది.

వీరేశం లేడు, వికారాబాదు వెళ్లాడు. అతని భార్య సక్కుబాయి అరుగు మీద చాప పరిచి కూర్చోబెట్టింది. నిర్మలమ్మ వచ్చిన పని చెప్పేసరికి ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఆయన ఎవ్వరికి చెప్పలేదక్కా. పేష్కారు చెప్పిండు, మా దుకాణం కాడికి వచ్చి చెప్పిండు. ఈయన వాణ్ణి అక్కణ్ణుంచి ఎల్లగొట్టిండు."

నిర్మలమ్మ చెప్పుల కోసం చూసింది. లేవబోతుంటే సక్కుబాయి చాప అంచు సర్దుతూ అడిగింది.

"అక్కా, ఒకటి అడుగుత. కోపం చెయ్యకు. చేతిల ఒక రంగు అసలే లేకుంటే, అది జోడీ దగ్గర ఉన్నదనుకోవాల్నా, ఎదుటోళ్ల దగ్గరనా?"

"నీకెట్ల తెలుసు ఆట?"

"నువ్వు తిట్టిన్నాటి నుంచి రోజు పొద్దుగాల నన్ను కూసోబెట్టి పంచుతున్నడు. మూడు నెల్లాయె. నాకు చదువు రాదు, ఇస్పేటు గుర్తు, ఆఠీను గుర్తు ఎరుకైనయి. నేను జర ఎక్కువ పాడితే చాలు, 'పంతులమ్మ ఏమన్నది? ఉన్నదే చెప్పాలె' అని నామీదికి లేస్తడు." సక్కుబాయి నవ్వింది. "తిట్టు నువ్వు తిడితివి, తినుడు నేను తింటి."

మూడు నెలలు. అందులో రానివి మూడు పోను, అతను శనివారం శనివారం ఆమెకు రెండు గజాల దూరంలో కూర్చుని పాస్ అంటూనే ఉన్నాడు. ఇరవై మూడు పంపకాలు ఎదురుగా కూర్చుని చెబుతూనే ఉన్నాడు. ఏ పిల్ల అయినా అంత కష్టపడి పాఠం అప్పజెబితే ఆమె భుజం తట్టేది. అతని విషయంలో అది పాఠమని కూడా గుర్తుపట్టలేదు. తాను మగవాళ్లందరిలో చూసి ఏవగించుకున్నది ఇదే కదా, ముక్కలు చూడకుండా ముఖాలు చూసి పాడటం? ఆలోచిస్తే పేష్కారుకూ తనకూ తేడా కనిపించక ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

శనివారం క్లబ్బుకు వెళ్లింది. ఏడుగురూ ఉన్నారు. ఆమె కూర్చోకుండా నిలబడే చెప్పింది.

"మొయినాబాదుల కప్పు పోయింది నా తప్పు వల్ల. సేటు డబుల్ సరైనది. ఆయన ఆ దినమంతా ఒక్క తప్పు పాట పాడలేదు. నేను నమ్మలే."

వీరేశం ముక్కలు కలపడం ఆపాడు. పేష్కారు పళ్లు కనిపించేలా నవ్వాడు.

"పోనియ్ పంతులమ్మా. ఆడోళ్లకు లెక్కలు ఎంతని ఎక్కుతయి?"

"పేష్కారుగారూ, నా లెక్క ఒకపారి తప్పింది. మీకు లెక్కనే లేదు. తహసీల్దారు సాబ్ తుమ్మితే మీరు మూడు కళావర్లు పాడుతరు."

అమీన్ నవ్వబోయి తహసీల్దారు వైపు చూసి దగ్గుగా మార్చుకున్నాడు. వీరేశం మాత్రం నవ్వాడు, బల్ల మీద ముక్కలు చెదిరేలా.

నిర్మలమ్మ ఆ బల్ల దగ్గర మళ్లీ కూర్చోలేదు. రెండు వారాల తర్వాత వీరేశం కూడా వెళ్లడం మానేశాడు. శనివారాలు అతని ఇంటి అరుగు మీద ఆట మొదలైంది. ఇంజనీరు మొయినాబాదు నుంచి బస్సులో వచ్చేవాడు. ఇంట్లో ఆడవాళ్లను పేకకు కూర్చోబెట్టాడని వీరేశం గురించి, మిషన్ మనిషిని గడపదాకా రానిచ్చిందని సక్కుబాయి గురించి బజారులో వారం రోజులు అనుకుని, విసుగుపుట్టి మానేశారు.

మొదటి శనివారం చీటీల్లో సక్కుబాయి నిర్మలమ్మకు జోడీ అయింది. మూడో పంపకంలో ఇంజనీరు నాలుగు ఇస్పేట్లు పాడితే, సక్కుబాయి పైట సర్దుకుని, అందరివైపూ ఒకసారి చూసి, "డబుల్" అంది.

నిర్మలమ్మ చేతిలో ఒక్క ఆసు కూడా లేదు. ఐదు డైమన్లు పాడి తప్పించుకునే దారి ఉంది. గొంతు దాకా వచ్చింది.

"పాస్" అంది.

ఇంజనీరు పదకొండు పట్లు గెలిచాడు. సక్కుబాయి పెట్టుకున్న ఆశంతా ఒక్క రాజు మీద, అదీ రెండో పట్టులోనే పడిపోయింది. ఆమె నాలుక కరుచుకుంది. వీరేశం ఆనందం పట్టలేక తొడ చరుచుకున్నాడు.

"ఏమున్నదని అన్నవే డబుల్?"

"నిన్న గిట్లనే ఉంటే నువ్వే గద అన్నవు!"

"నిన్న వేరు!"

మొగుడూ పెళ్లాలు వాదించుకుంటుంటే నిర్మలమ్మ ముక్కలు పోగుచేసి కలిపి, ఇంజనీరు ముందు కోతకు పెట్టింది.